వానలు పడ్డా ఆవులు చూడి కట్టడం లేదు, ఎందుకు?

నకిరేకల్ కొట్టం
మా కొట్టంలో హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్ ఆవులు, రెండు ముర్రా బర్రెలు ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో పాలు పడిపోతే ఎండల వల్లే అనుకుని ఊరుకున్నాం. జూన్ రెండో వారం నుంచి వానలు మొదలయ్యాయి, పచ్చిగడ్డి వచ్చింది, పాలు కూడా కొంచెం పెరిగాయి. కానీ ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయిస్తే నిలవడం లేదు. సరిగ్గా ఇరవై ఒకటో రోజుకు మళ్ళీ ఎదకు వస్తోంది. డాక్టర్ గారు చూసి గర్భసంచి శుభ్రంగానే ఉంది, ఎదలో కారే జిగురు తీగ కూడా తెల్లగా అద్దంలా ఉంది అన్నారు. మరి ఎందుకు నిలవడం లేదంటే చెప్పేవాళ్ళు లేరు. ఊళ్ళో అందరూ "గొడ్డుపోయింది, అమ్మెయ్" అంటున్నారు. బేరగాడు రెండుసార్లు వచ్చిపోయాడు. పోయిన ఈతలో పూటకు తొమ్మిది లీటర్లు ఇచ్చిన ఆవు అది. అమ్మబుద్ధి కావడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

జడ్చర్ల బర్రెలు
సూదిలోనే ఉంటుంది తేడా. ఎండాకాలంలో వీర్యాన్ని గడ్డకట్టించి ఉంచే డబ్బాలో ద్రవ నైట్రోజన్ తొందరగా ఆవిరైపోతుంది. వీర్యం చచ్చిపోయాక ఎన్ని సూదులు వేసినా ఏం లాభం? మా దగ్గర ఒకాయన బండి వెనక డబ్బా కట్టుకుని ఎర్రటి ఎండలో ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఆ ఏడాది మా వాడలో ఒక్క పశువు కూడా కట్టలేదు.

సూది బ్యాగు
నేను గోపాలమిత్రగా, అంటే ఊళ్ళల్లో పశువులకు ఎద సూదులు వేసేవాడిగా పనిచేస్తున్నాను. జడ్చర్ల అన్న చెప్పింది కొన్నిచోట్ల నిజమే, నైట్రోజన్ తగ్గితే వీర్యం పాడవుతుంది. కానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను కొలకర్రతో చూసుకుని నింపిస్తాను. స్ట్రాను (వీర్యం ఉండే సన్నటి గొట్టాన్ని) 37 డిగ్రీల నీళ్ళలో అర నిమిషం ఉంచి, తుడిచి, వెంటనే వేస్తాను. అవే స్ట్రాలు, అదే చెయ్యి. డిసెంబరులో వేసినవి బాగా నిలుస్తాయి, మే నెలలో వేసినవి పోతాయి. నా రిజిస్టరులో ఏటా కనబడేది ఇదే. తప్పంతా సూదిదే అయితే చలికాలంలో కూడా పోవాలి కదా.

ఆమనగల్లు అన్న
ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నారా? రోజుకు 50 గ్రాములు దాణాలో కలిపి పెట్టండి. నట్టల మందు తాగించండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

నకిరేకల్ కొట్టం
పెడుతున్నాం అన్నా. వానలకు ముందే నట్టల మందు కూడా తాగించాం. ఒళ్ళు కూడా బాగానే ఉంది, బక్కచిక్కలేదు.

జడ్చర్ల బర్రెలు
సూది బ్యాగు అన్నా, నేను మిమ్మల్ని అనలేదు. మా ఊరికి వచ్చే ఆయన సంగతి చెప్పాను. కానీ ఈయన అడుగుతున్నది ఇప్పటి సంగతి. ఇప్పుడు ఎండ లేదు కదా. మరి ఇంకా ఎందుకు పోతున్నాయి?

రాజేంద్రనగర్ ల్యాబ్
నేను పశువుల శరీరధర్మ శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. జడ్చర్ల వారి చివరి ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది, కాస్త వివరంగా రాస్తాను.

మీరు ఇప్పుడు సూది వేయిస్తున్నప్పుడు విడుదలయ్యే అండం ఈ నెలలో తయారైంది కాదు. అండాశయంలో చిన్న కోశం పెరిగి పెద్దదై, అండాన్ని వదిలే దాకా రావడానికి నలభై రోజుల పైనే పడుతుంది. జులై మొదట్లో బయటికి వచ్చిన అండం మే నెల ఎండల్లో లోపల పెరిగినదే. ఆ వేడికి కోశం ద్రవంలో హార్మోన్లు తగ్గుతాయి, అండం లోపలి శక్తి తగ్గుతుంది. పైకి ఆవు బాగానే ఉంటుంది. ఎదకు వస్తుంది, తీగ వేస్తుంది. అండం మాత్రం ఫలదీకరణ చెందదు, లేదా చెందినా పిండం రెండు మూడు రోజుల్లోనే ఆగిపోతుంది. ఇజ్రాయెల్‌లో హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద చాలా ఏళ్ళు పనిచేశారు. ఎండాకాలం అయిపోయి చల్లబడ్డాక కూడా వాళ్ళ ఆవులు వెంటనే కట్టేవి కావు. పాడైన కోశాలను సూదితో లాగేస్తే ఆ తర్వాత వచ్చే అండాలు తొందరగా మెరుగుపడ్డాయి.

రెండో దెబ్బ సూది వేసిన తర్వాత తగులుతుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో 1993లో అచ్చయిన పనిలో సూది వేసిన మొదటి రోజున ఆవులను వేడిలో ఉంచితే పిండాలు బాగా దెబ్బతిన్నాయి. మూడో రోజు, ఐదో రోజు అదే వేడి పెడితే అంత నష్టం లేదు. పిండం మొదటి ఒకటి రెండు రోజులు చాలా లేత. ఆ తర్వాత వేడిని తట్టుకునే ప్రొటీన్లు తనే తయారు చేసుకుంటుంది.

ఆవు మామూలు ఒంటి వేడి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది. అది 102.2 దాటి గంటల తరబడి ఉంటే ఇవన్నీ మొదలవుతాయి. ఒక్క డిగ్రీ కూడా పెరగనక్కర్లేదు.

మిర్యాలగూడ వరిగడ్డి
మేడమ్, మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది. నారుమడి ఎండకు మాడిపోయాక కాలువ నీళ్ళొచ్చి నాటు వేస్తే మడి నిండా నీళ్ళున్నా ఆ నారు తేరుకోదు. ఇదీ అంతేనా?

రాజేంద్రనగర్ ల్యాబ్
సరిగ్గా అదే. కొత్త నారు పోసుకుని అది ఎదిగేదాకా ఆగాలి. ఆవులో ఆ గడువు దాదాపు రెండు ఎద చక్రాలు.

ఆమనగల్లు అన్న
అయితే ఇది అమెరికా, ఇజ్రాయెల్ సంగతి. అక్కడ 35 డిగ్రీలకే ఎండ అంటారు. మన ఆవులు 44 చూసి పుట్టినవి. మన పశువుకు ఇది వర్తిస్తుందా?

దేవరకొండ డైరీ
అన్నా, మన కొట్టాల్లో ఇప్పుడు ఉన్నవి మన ఆవులా? ముప్పాతిక వంతు హెచ్ఎఫ్ రక్తం. చలిదేశం ఆవును తెచ్చి దేవరకొండ బండల మధ్య కట్టేశాం. వాటికి ఇంకా ఎక్కువే వర్తిస్తుంది.

అమ్రాబాద్ తూర్పు
అందుకే చెబుతున్నాను, మన పొడ తూర్పు ఆవును చూడండి. కర్నాల్‌లోని జన్యు వనరుల సంస్థ దాన్ని జాతిగా గుర్తించి నమోదు చేసింది. నల్లమల ఎండలో రోజంతా తిరిగి సాయంత్రం ఇంటికొస్తుంది, ఒగర్చదు. ఫ్యాన్ అక్కర్లేదు, ఫాగర్ అక్కర్లేదు.

దేవరకొండ డైరీ
పొడ తూర్పు మీద నాకు గౌరవమే. కానీ అది దుక్కి జాతి. దూడ తాగాక మిగిలేది రెండు లీటర్లు. బ్యాంకు కిస్తీ కట్టేది పాలతో.

అమ్రాబాద్ తూర్పు
ఎద్దుల జత ధర కూడా లెక్కలో వేయండి. అయినా పాలు తక్కువన్న మాట ఒప్పుకుంటాను. నా వాదన ఒక్కటే, క్రాసింగ్ చేసేటప్పుడు హెచ్ఎఫ్ రక్తం సగానికి మించి ఎక్కించవద్దు. ఊళ్ళో ఎవరినైనా అడగండి, ఎదకొచ్చిన ప్రతిసారీ హెచ్ఎఫ్ సూదే అడుగుతారు. మనవరాలు, ముని మనవరాలు వచ్చేసరికి ఆ ఆవు మే నెలలో బతకడమే గొప్ప అవుతుంది.

రాజేంద్రనగర్ ల్యాబ్
అమ్రాబాద్ వారి మాటలో బలం ఉంది. మూపురం ఉన్న జాతుల తట్టుకునే గుణం చర్మం దగ్గర ఆగదు. బ్రాహ్మన్, నెలూర్ జాతి ఆవుల పిండాలను ప్రయోగశాలలో వేడిలో పెడితే హోల్‌స్టీన్ పిండాలకంటే తక్కువ దెబ్బతిన్నాయి. అంటే కణంలోనే ఆ ఓర్పు ఉంది. నెలూర్ అంటే బ్రెజిల్‌కు వెళ్ళిన మన ఒంగోలు. ఇంకోటి, కరీబియన్ దీవుల సెనెపోల్ జాతిలో పొట్టి, నున్నటి వెంట్రుకలు ఇచ్చే జన్యువు ఉంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ గ్రాహకంలోని చిన్న మార్పు దానికి కారణమని 2014లో తేల్చారు. హోల్‌స్టీన్‌లోకి ఆ జన్యువును మామూలు క్రాసింగ్‌తోనే ఎక్కించారు, ఆ ఆవులు ఎండలో ఒళ్ళు చల్లగా ఉంచుకుంటున్నాయి. మన దగ్గర సాహివాల్, గిర్ లాంటి మూపురం జాతులు ఉన్నాయి కాబట్టి ఆ వైపు ఆలోచించవచ్చు.

పాలమూరు ఆడబిడ్డ
మీరంతా సూది, జాతి, జన్యువు అంటున్నారు. కొట్టంలో పేడ తీసేది, పాలు పిండేది మేము. నేను చూసింది చెబుతాను. ఎండాకాలంలో పశువు పగలు ఎదకు రాదు. వచ్చినా చూపించదు. ఒకదాని మీద ఒకటి ఎక్కాలంటే ఓపిక ఉండాలి కదా, మూతి నేలకేసి ఒగర్చే పశువు ఎక్కడ ఎక్కుతుంది? నడిరాత్రి దాటాక కొంచెం గాలి తిరిగినప్పుడు అరుస్తుంది, తోక ఎత్తుతుంది. తెల్లారేసరికి చల్లారిపోతుంది. మా ఆయన పొద్దున ఎనిమిదికి చూసి "ఏం లేదు" అంటాడు. ఎండలు మొదలైతే చాలు, నేను రాత్రి ఒకసారి, కోడి కూసే ముందు ఒకసారి కొట్టంలోకి పోయి చూస్తాను. తోక కింద ఎండిన తీగ మరక ఉందా అని చూస్తాను. అలా చూడబట్టే మా ఆవులు కొన్ని దక్కాయి.

సూది బ్యాగు
పాలమూరు అక్క చెప్పింది బంగారం లాంటి మాట. నాకు ఫోన్లు పొద్దున తొమ్మిదికి వస్తాయి. "రాత్రి ఎప్పుడు మొదలైంది?" అంటే ఎవరికీ తెలియదు. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున అనేది లెక్క. కానీ మొదలైన టైం తెలియకపోతే ఆ లెక్క దేనికి పనికొస్తుంది? ఎండాకాలంలో ఎద ఉండే గంటలు కూడా తగ్గిపోతాయి. నేను వెళ్ళేసరికి సగం పశువుల్లో అండం దిగిపోయి ఉంటుంది.

జడ్చర్ల బర్రెలు
అక్కా, రాత్రి రెండు గంటలకు లేచి కొట్టం చూసే ఆడబిడ్డ ఉన్న ఇంట్లో పాలకు కరువు రాదు. మా ఇంట్లో ఈ పోస్టు చదివి వినిపించాను, రేపటి నుంచి రాత్రి లేచి చూడమని టార్చిలైటు నా మంచం పక్కన పెట్టారు.

నకిరేకల్ కొట్టం
మేడమ్, ఒక సందేహం. ఇప్పుడు బయట చల్లగానే ఉంది, 31, 32 డిగ్రీలే. అయినా మా ఆవు మధ్యాహ్నం నోరు తెరిచి రొప్పుతోంది. జ్వరమా అని టెన్షన్ పడ్డాం. ఇది కూడా పాత ఎండ ప్రభావమేనా?

రాజేంద్రనగర్ ల్యాబ్
కాదు, అది ఇప్పటి వేడే. వేడితో పాటు గాలిలో తేమను కలిపి చూసే లెక్క ఒకటి ఉంది, టీహెచ్ఐ అంటారు. ఎక్కువ పాలిచ్చే ఆవుకు అది 72 దాటితే ఇబ్బంది మొదలవుతుందని చాలాకాలంగా అనుకునేవారు. ఈమధ్య 68 దగ్గరే మొదలవుతుందని అంటున్నారు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే ఆ లెక్క 86 దాకా వస్తుంది. జులైలో 31 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే ఎంత వస్తుందో తెలుసా? 84 దగ్గర. మనకు చల్లగా అనిపించే రోజు ఆవుకు మే నెలకు దగ్గరగానే ఉంది. రాత్రి 25 డిగ్రీలు, తేమ 90 శాతం ఉన్నా 76 వస్తుంది.

ఈ లెక్కలో ఎండ తాపం, గాలి వీచడం కలవవు. కాబట్టి ఎర్రటి ఎండలో నిలబడ్డ ఆవు కష్టం ఇంకా ఎక్కువే. కానీ తేమ ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒగర్చినా వేడి పోదు. పొడి ఎండలో పనిచేసే దారి మూసుకుపోతుంది. పక్కటెముకల కదలిక చూసి అర నిమిషం ఊపిరి లెక్కపెట్టి రెండింతలు చేయండి. 60 దాటితే ఆవు వేడితో కష్టపడుతోందని అర్థం. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడండి. 104 దాటి, మేత కూడా ముట్టకపోతే జ్వరం అనుమానించి డాక్టర్‌ను పిలవండి.

గద్వాల్ గట్టు
మా దగ్గర జూరాల నీళ్ళు వచ్చాక ఊరంతా వరి. చుట్టూ నీళ్ళున్న పొలాల మధ్య కొట్టం. ఆగస్టులో గాలి ఆడదు. మా నాన్న ఎప్పుడూ "ముసురు ఎండ పశువును చంపుతుంది" అనేవాడు. ఇప్పుడు ఆ లెక్క తెలిసింది.

ఆమనగల్లు అన్న
సరే, ఒప్పుకున్నాను. మరి పాలు పడిపోవడం సంగతి? మేత తినదు కాబట్టి పాలు తగ్గుతాయి. మంచి మేత పెడితే సరిపోతుంది కదా.

రాజేంద్రనగర్ ల్యాబ్
అది అందరూ అనుకునేదే. 2009లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొన్ని ఆవులను వేడిలో ఉంచారు, అవి తిన్నంత తక్కువ మేతే చల్లటి చోట ఉన్న మరికొన్ని ఆవులకు పెట్టారు. మేత సమానం, తేడా వేడి ఒక్కటే. పాల నష్టంలో మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే మేత తగ్గడం వల్ల అని తేలింది. మిగతాది వేడి వల్ల ఒంట్లో వచ్చిన మార్పు. వేడిలో ఉన్న ఆవు ఒంటి కొవ్వును కరిగించుకోదు, గ్లూకోజును కండరాలకే వాడుకుంటుంది, పొదుగుకు మిగలదు. కాబట్టి ఎంత ఖరీదైన దాణా పెట్టినా, ఆవును చల్లబరచకుండా నష్టం ఆగదు.

మిర్యాలగూడ వరిగడ్డి
వెన్న శాతం గురించి కూడా చెప్పండి మేడమ్. మే నెలలో పాల కేంద్రంలో మిషన్ పెట్టి "నీళ్ళు కలిపారు" అని పదిమందిలో అనేశారు. మా అమ్మ ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. చుక్క నీళ్ళు కలపలేదు.

రాజేంద్రనగర్ ల్యాబ్
అమ్మగారికి చెప్పండి, తప్పు ఆమెది కాదు. ఆవు ఒగర్చినప్పుడు ఊపిరితో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోతుంది. రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు బైకార్బనేట్‌ను మూత్రంలో బయటికి పంపేస్తాయి. పైగా నోటి నుంచి చొంగ కారి పోతుంది, నెమరు తగ్గుతుంది. లాలాజలంతో పొట్టలోకి చేరాల్సిన సోడా చేరదు, పొట్ట పులుస్తుంది, వెన్న తగ్గుతుంది. అందుకే ఎండాకాలం దాణాలో వంటసోడా కలపమంటారు. ఇంకొక విషయం, ఆవు చెమటలో పొటాషియం ఎక్కువగా పోతుంది. ఉప్పు, లవణ మిశ్రమం రెండూ ఉండాలి, ఒకటి పెట్టి ఇంకోటి వదిలేయకూడదు.

మిర్యాలగూడ వరిగడ్డి
చదివి వినిపించాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది. రేపు మళ్ళీ కేంద్రానికి తనే పోతానంటోంది.

జడ్చర్ల బర్రెలు
మా ముర్రాలకు ఈ గొడవ లేదు, నల్లగా ఉంటాయి, ఎండను తట్టుకుంటాయి అనుకునేవాణ్ణి. ఎండాకాలంలో ఎదకే రావు. వాటి సంగతి ఎవరైనా చెప్పండి.

దేవరకొండ డైరీ
బర్రె ఎండను తట్టుకోదు. నల్లటి తోలు ఎండను పీలుస్తుంది, చెమట గ్రంథులు ఆవుకంటే చాలా తక్కువ. అందుకే నీళ్ళలోకి దిగుతుంది. చెరువు ఉన్న ఊరి బర్రెకు, బోరు మీద బతికే ఊరి బర్రెకు తేడా చూడండి. మా పక్క ఊళ్ళో చెరువు పూడిక తీశాక ఏప్రిల్ దాకా నీళ్ళుంటున్నాయి. మధ్యాహ్నం పన్నెండుకు దిగిన బర్రెలు నాలుగు దాకా పైకి రావు. ఆ ఊళ్ళో పాలు మాకంటే ఎప్పుడూ ఎక్కువే.

రాజేంద్రనగర్ ల్యాబ్
దేవరకొండ వారు చెప్పింది సరే. బర్రెకు ఇంకో కారణం కూడా ఉంది. పగటి పొద్దు తగ్గుతూ ఉంటే దానికి ఎద హార్మోన్లు కదులుతాయి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఎక్కువగా కడతాయి, పది నెలల చూడి కాబట్టి జులై, ఆగస్టు తర్వాత ఈనుతాయి. ఎండాకాలంలో పొద్దు ఎక్కువ, వేడి ఎక్కువ, ప్రొలాక్టిన్ ఎక్కువ. ఎద వచ్చినా మూగగా వచ్చి పోతుంది, అరవదు. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు చేపకపోవడం, మానం కాస్త వాచడం, ఈ గుర్తులు పాలు పిండేవాళ్ళకే ముందు కనబడతాయి. వానాకాలం చివర చూడి కట్టించేలా ముందే సిద్ధం చేసుకోండి. ఎండాకాలంలో కట్టలేదని గొడ్డుపోయిందనుకుని అమ్మవద్దు.

సూది బ్యాగు
ఒక్క మాట కలుపుతాను. బర్రెలకు చాలామంది ఊరి దున్నపోతునే వాడుతున్నారు. ఆ దున్నపోతు కూడా ఎండలోనే తిరిగింది కదా. ఒక వీర్యకణం తయారవడానికి వారాల తరబడి పడుతుంది. మే ఎండ దెబ్బ జులైలో కనబడుతుంది. సూది వీర్యానికి ఈ బాధ లేదు, ఎప్పుడో గడ్డకట్టించి పెట్టింది.

జడ్చర్ల బర్రెలు
అంటే నేను మొదట అన్న మాటకు పూర్తి ఎదురు మాట ఇది. సరే అన్నా, ఒప్పుకుంటున్నాను.

ఆమనగల్లు అన్న
ఇప్పుడు మందు చెప్పండి. హార్మోన్ సూదులు వేయించి చూడి కట్టించడం ఉంది కదా. మాకు దగ్గరలోని డాక్టర్ గారు అదే చేస్తారు.

రాజేంద్రనగర్ ల్యాబ్
ఉంది. 1995లో విస్కాన్సిన్‌లో రూపొందించిన పద్ధతి అది. మొదటి రోజు ఒక హార్మోన్, ఏడు రోజుల తర్వాత ఇంకోటి, రెండు రోజులకు మళ్ళీ మొదటిది, ఆ తర్వాత పదహారు నుంచి ఇరవై గంటలకు ఎద చూడకుండానే సూది. ఎద కనబడకపోవడం అనే సమస్యకు ఇది మంచి జవాబు. పాలమూరు అక్క చెప్పినట్టు రాత్రి లేవలేని వాళ్ళకు పనికొస్తుంది. కానీ పాడైన అండాన్ని ఇది బాగుచేయదు. నకిరేకల్ వారి ఆవులు ఎదకు వస్తున్నాయి, ఇరవై ఒకటో రోజుకే తిరిగొస్తున్నాయి. వీళ్ళ సమస్య ఎద కనబడకపోవడం కాదు. కాబట్టి ఇప్పుడే డబ్బు పెట్టమని నేను చెప్పను.

దేవరకొండ డైరీ
చల్లబరచడం గురించి నా అనుభవం. మొదట ఫాగర్లు పెట్టాను. పొగమంచులా వచ్చి కొట్టమంతా తడి, ఆవు ఒళ్ళు మాత్రం వేడి. వెంట్రుకల కొసల మీద నీళ్ళు నిలిచి లోపలికి దిగలేదు. వానాకాలంలో ఇంకా ఘోరం, గాలి ఆడక ఉక్కపోత పెరిగింది. తర్వాత పెద్ద చుక్కల షవర్లు పెట్టి, పక్కనే ఫ్యాన్లు పెట్టాను. ఇజ్రాయెల్ పద్ధతి. అర నిమిషం చర్మం దాకా తడపాలి, నాలుగున్నర నిమిషాలు ఫ్యాన్ తిప్పాలి, ఇలా అరగంట, ముప్పావుగంట. పొద్దున పాలకు ముందు, మధ్యాహ్నం, సాయంత్రం. చల్లబరిచేది నీళ్ళు ఆరడం. ఫ్యాన్ లేకుండా తడిపితే లాభం సగం కూడా ఉండదు. పొదుగు మీదికి నీళ్ళు కారకుండా చూసుకోండి, లేదంటే పొదుగువాపు వస్తుంది.

గద్వాల్ గట్టు
ఫ్యాన్లు, షవర్లు కొనలేని వాళ్ళం. మేం చేసేది చెబుతాను. రేకుల మీద వరిగడ్డి పరిచి పైన తాటాకు వేసి కట్టాం. రేకుల పైభాగానికి సున్నం పూశాం. నీళ్ళ గోలెం నీడలోకి మార్చాం. ఇది చిన్న పనే కానీ పెద్ద తేడా. అంతకు ముందు నీళ్ళు ఎండలో నల్ల ట్యాంకు నుంచి వచ్చేవి, చెయ్యి పెడితే కాలేవి. ఆవు మూతి పెట్టి తీసేసేది. పాలిచ్చే ఆవుకు ఎండాకాలంలో రోజుకు వంద లీటర్ల నీళ్ళు కావాలి, కాలే నీళ్ళు ఎక్కడ తాగుతుంది?

మిర్యాలగూడ వరిగడ్డి
మేత టైం కూడా. వరిగడ్డి పొట్టలో అరగడానికి ఎక్కువ వేడి పుడుతుంది. మేము గడ్డి రాత్రి పెడతాం, పచ్చిగడ్డి, దాణా తెల్లవారుజామున. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గాడి ఖాళీ.

పాలమూరు ఆడబిడ్డ
గద్వాల్ తమ్మీ, తాటాకు మాట బాగుంది. మా కొట్టం రేకులు తక్కువ ఎత్తులో ఉన్నాయి, తల తగులుతుంది. అందరూ చలికాలం చూసుకుని కట్టారు. కొత్తగా కట్టేవాళ్ళు కనీసం పది అడుగులు ఎత్తు పెట్టండి, పొడుగు తూర్పు పడమరలుగా రావాలి.

రాజేంద్రనగర్ ల్యాబ్
అందరూ పాలిచ్చే ఆవు గురించే మాట్లాడుతున్నారు. వట్టిపోయి, చూడితో ఉన్న ఆవును ఎక్కడ కడుతున్నారు?

నకిరేకల్ కొట్టం
బయట చెట్టు కింద. పాలిచ్చేవాటికే కొట్టంలో చోటు సరిపోదు. నీడ మధ్యాహ్నానికి పక్కకు జరిగిపోతుంది, అప్పుడు ఎండలోనే ఉంటుంది. పాలివ్వదు కదా, దానికేం అనుకుంటాం.

రాజేంద్రనగర్ ల్యాబ్
ఇదే నాకు బాధ కలిగించే విషయం, దాదాపు ప్రతి ఊళ్ళోనూ చూస్తాను. ఈనడానికి ముందు చివరి ఆరేడు వారాల్లో పొదుగు కణాలు కొత్తగా పెరుగుతాయి. ఆ వారాల్లో ఆవు వేడిలో ఉంటే ఆ పెరుగుదల తగ్గుతుంది. ఫ్లోరిడాలో పదేళ్ళ పైన జరిగిన ప్రయోగాల్లో, వట్టి కాలంలో చల్లబరచని ఆవులు ఈనిన తర్వాత రోజుకు సగటున నాలుగు లీటర్ల దాకా తక్కువ పాలిచ్చాయి. ఈనాక వాటన్నిటినీ ఒకేలా చల్లగా ఉంచినా సరే! కడుపులో ఉండగా వేడి చూసిన దూడలు తక్కువ బరువుతో పుట్టాయి, ముర్రుపాల నుంచి రోగనిరోధక శక్తి తక్కువగా అందుకున్నాయి, పెద్దయి తొలి ఈతలో పాలు కూడా తక్కువే ఇచ్చాయి. ఒక్క మే నెల రెండు తరాలను దెబ్బతీస్తుంది. "పాలివ్వదు కదా" అని బయట కట్టిన ఆవే మీ వచ్చే ఏడాది ఆదాయం. ఫ్యాన్ ఒక్కటే ఉంటే వట్టి ఆవుకు కూడా దాని గాలి తగిలేలా పెట్టండి, దయచేసి.

అమ్రాబాద్ తూర్పు
మేడమ్, ఇది ఊళ్ళల్లో ఎవరూ చెప్పరు. దాణా గురించి చెప్తారు, సూదుల గురించి చెప్తారు. వట్టి ఆవు గురించి నేను ఇదే మొదటిసారి వినడం.

దేవరకొండ డైరీ
నా దగ్గర కూడా ఏప్రిల్, మేలో ఈనినవి ఆ ఈతంతా పాలు ఎక్కువ ఇవ్వవు. ఎంత దాణా పెట్టినా ఎక్కవు. తల్లిది తప్పనుకుని కొన్నిటిని మార్చాను కూడా. ఇప్పటి నుంచి వట్టివాటిని లోపలికి తెస్తాను, కోడెదూడలు బయట ఉంటాయి.

ఆమనగల్లు అన్న
మరి నకిరేకల్ తమ్ముడి ఆవుకు ఏం చెప్దాం? బేరగాడు మళ్ళీ వస్తాడు.

సూది బ్యాగు
అమ్మకు తమ్మీ. గర్భసంచి బాగుంది, తీగ బాగుంది, ఎద సరిగ్గా వస్తోంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో వచ్చే ఎదకు మంచి అండం ఉంటుంది. ఈలోపు వచ్చే ఎదను వదిలేయమని నేననను, కానీ నిలవకపోతే కంగారు పడొద్దు.

రాజేంద్రనగర్ ల్యాబ్
నేనూ అదే చెబుతాను, ఒక షరతుతో. ఇప్పటి నుంచే మధ్యాహ్నం, సాయంత్రం తడపడం, ఫ్యాన్ మొదలుపెట్టాలి, ఎందుకంటే సెప్టెంబరులో వచ్చే అండం ఈ రోజుల్లో లోపల పెరుగుతోంది. సూది వేసిన రోజు, మర్నాడు ఆవును ఎట్టి పరిస్థితుల్లో ఎండలో నడిపించవద్దు. చాలామంది ఎదకొచ్చిన ఆవును మధ్యాహ్నం ఆసుపత్రికి కిలోమీటర్లు నడిపించి తీసుకెళ్తారు, సూది వేయించి మళ్ళీ నడిపించి తెస్తారు. పిండానికి అన్నిటికంటే లేత గంటలు అవే. వీలైతే సూది వేసే వాళ్ళనే ఇంటికి పిలవండి, తెల్లవారుజామునో పొద్దు వాలాకో.

నకిరేకల్ కొట్టం
బేరగాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పాను. రేకుల మీద గడ్డి పరచడానికి రేపు మనుషులను పిలిచాను, ఒక ఫ్యాన్ కొంటున్నాను. వట్టి ఆవు ఒకటి దసరాకు ఈనుతుంది, దాన్ని ఈ రాత్రే లోపలికి కట్టాం. సూది నిలిచిందో లేదో ఎన్ని రోజులకు తెలుస్తుంది? ఈసారి ఇరవై ఒకటో రోజుకు రాకపోతే నిలిచినట్టేనా?

సూది బ్యాగు
నిలిచినట్టే అని రాసుకోకండి. పిండం పదహారు రోజులు దాటాక చనిపోతే ఆవు ఇరవై ఒకటికి కాకుండా ముప్పైకో, నలభైకో ఎదకు వస్తుంది. డాక్టర్ దగ్గర స్కానింగ్ ఉంటే ముప్పై రోజులకు తెలుస్తుంది. చేతితో చూపించేటట్టయితే రెండు నెలలు ఆగండి. ఒక నోటు పుస్తకంలో ప్రతి ఆవుకు ఒక పేజీ పెట్టండి. ఎద మొదలైన గంట, సూది వేసిన గంట, ఆ రోజు ఎండ, మళ్ళీ ఎదకొస్తే ఆ తేదీ రాయండి. ముప్పై దాటి తిరిగొచ్చిన తేదీ కింద గీత గీయండి, అది పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఇరవై ఒకటికి రావడానికీ ముప్పై ఐదుకు రావడానికీ వైద్యం వేరు.